ఎండిపోతున్న గుంటలో దొరికిన తోకకప్పను కప్పయ్యేదాకా కాపాడటం: నీళ్ళు, మేత, జబ్బుల ఆనవాళ్ళు

మృగశిర కార్తెలో రెండు గట్టి వానలు పడి, ఆరుద్రలో వాన మొహం చాటేసిన సంవత్సరం అది. నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్ళే దారిలో, మొరం తవ్విన గుంటలో నీళ్ళు అరచేతి లోతుకు దిగిపోయాయి. ఆ నీళ్ళలో మినుములు పోసినట్టు నల్లగా తోకకప్పలు. గుంట అంచున బురద అప్పటికే పెచ్చులు కట్టింది. ఆ పెచ్చులకు కొన్ని అతుక్కుని ఎండిపోయి ఉన్నాయి. నాతో ఉన్న ఇద్దరు పిల్లలు "సార్, వీటిని తీసుకుపోదామా?" అని అడిగారు. నేను సైన్సు చెప్పేవాణ్ణి, కాదనలేకపోయాను. బకెట్టులో నలభై దాకా తెచ్చాం. పది రోజుల్లో సగానికి పైగా చనిపోయాయి.

ఎందుకు చనిపోయాయో ఆ తరువాతి వానాకాలాల్లో ఒక్కొక్కటిగా అర్థమైంది. జబ్బు అని మనం అనుకునేది చాలావరకు తోకకప్ప ఒంట్లో మొదలు కాదు, నీళ్ళలో మొదలవుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో నీళ్ళ గురించి ఎక్కువ చెబుతాను. విసుగనుకోకుండా చదవండి.

తెచ్చే ముందు

ఇంటికి తేవడం చివరి మార్గం. గుంట ఎండిపోతోందని కనిపిస్తే ముందు అందులోనే నాలుగు బిందెల నీళ్ళు పోయగలమా చూడండి. పొలం దగ్గరైతే రైతును అడిగి మోటారు పైపు పది నిమిషాలు అటు తిప్పించవచ్చు. అదీ కుదరకపోతే అదే వాగుకో, అదే చెరువు ఆయకట్టుకో చెందిన మరో నీటిగుంట పక్కనే ఉందేమో వెతికి అందులోకి మార్చండి. నిండుగా ఉన్న చెరువులోంచి, పిల్లలు ముచ్చటపడ్డారని సీసాలో పట్టుకురావడం కాపాడటం కాదు.

నిజంగా తేవలసిన సందర్భాలు కొన్నే: ఒకటి రెండు రోజుల్లో ఎండిపోయే గుంట, కడిగేయబోతున్న సిమెంటు తొట్టి, దోమల మందు కొట్టబోతున్న డ్రమ్ము, పూడ్చేయబోతున్న పునాది గొయ్యి. కప్పలు వన్యప్రాణులు. పెంచుకోవడానికో అమ్మడానికో కాదు, మళ్ళీ వదిలేయడానికే తెస్తున్నామన్నది మొదటి రోజే మనసులో పెట్టుకోవాలి. అచ్చంపేట దాటి నల్లమలలోకి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలోకి వెళితే అక్కడి గుంటల్లోంచి ఏ ప్రాణినీ బయటకు తేకండి. ఏదైనా కంటపడితే అటవీ సిబ్బందికి చెప్పండి.

తెచ్చేటప్పుడు వల వాడకండి, తోకలు చిరుగుతాయి. ఒక గిన్నెను నీళ్ళలో ముంచి, నీళ్ళతో పాటే వాటిని ఎత్తండి. ఆ గుంట నీళ్ళు కూడా తొట్టిలో సగానికి సరిపడా వెంట తెచ్చుకోవాలి. ఏ గుంటో, ఏ రోజో కాగితం మీద రాసి పెట్టుకోండి. నెల తరువాత దీని అవసరం వస్తుంది.

ఏ కప్ప పిల్లలో పోల్చుకోవడం

మన ప్రాంతంలో చిన్న గుంటల్లో ఎక్కువగా కనిపించేవి గోండ్రుకప్ప పిల్లలు. గోండ్రుకప్ప గుడ్లు నీటి మొక్కల మధ్య జిగురు దారంలో నల్లపూసలు గుచ్చినట్టు పొడుగ్గా ఉంటాయి. వాటి పిల్లలు చిన్నవి, బొగ్గులా నల్లనివి, గుంపులుగా కదులుతాయి.

నీటి మధ్యలో గాజు ముక్కల్లా కదలకుండా నిలబడి, లోపలి పేగులు కూడా కనిపించేంత పారదర్శకంగా ఉంటే అవి బొటనవేలి గోరంత పెరిగే చిన్నమూతి కప్పల పిల్లలు. ఇవి ఆకు కొరకవు, నీళ్ళలో తేలే సూక్ష్మమైన నాచును వడగట్టుకుని తింటాయి. సిమెంటు తొట్టి గోడకు నీటి మట్టం పైన తెల్లటి నురుగు ముద్ద అతుక్కుని ఉండి, కింద నీళ్ళలో పిల్లలు ఉంటే అవి చెట్టుకప్పవి. ఆ నురుగు ముద్దే వాటి గూడు.

జాగ్రత్తగా చూడాల్సింది బావురుకప్ప పిల్లలను. తొలకరి వానలకు నిమ్మపండు రంగు తిరిగి, ఊరంతా వినిపించేలా అరిచే పెద్ద కప్పలే బావురుకప్పలు. విదేశాలకు కప్పకాళ్ళ ఎగుమతి కోసం వీటిని లెక్క లేకుండా పట్టేవారు. ఆ ఎగుమతిని 1987లో ప్రభుత్వం నిషేధించింది. వీటి తోకపిల్లలు మాంసాహారులు. పక్క జాతి పిల్లలనూ తమ తోబుట్టువులనూ కూడా కొరికి తింటాయి. మిగతా వాటి కంటే చప్పున పెద్దవై, ముక్కులాంటి గట్టి నల్ల దవడతో ఒక పిల్ల తిరుగుతోందంటే దాన్ని వెంటనే వేరే పాత్రలోకి మార్చండి. మా మొదటి విడతలో రోజుకు రెండు మూడు మాయమవుతుంటే పిల్లి తినేస్తోందనుకున్నాను. దొంగ తొట్టిలోనే ఉంది.

గుంట నీళ్ళతో పాటు తూనీగ పిల్లలు, నీటితేళ్ళు కూడా వస్తాయి. తూనీగ పిల్ల మట్టి రంగులో ఆరు కాళ్ళతో అడుగున కదలకుండా పడి ఉంటుంది. తెల్లటి పళ్ళెంలో కొద్దికొద్దిగా నీళ్ళు పోసి చూస్తూ ఏరేయండి.

తొట్టి

వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు అన్నిటికంటే మంచిది. లోతు జానెడు చాలు. గాలి నీటిలో కలిసేది పైభాగం నుంచే కాబట్టి లోతు కంటే వెడల్పు ముఖ్యం. ముప్ఫై లీటర్ల టబ్బులో ఇరవై ఐదు పిల్లలకు మించి వేయకండి. పాత మట్టి తొట్టి, గాజు తొట్టి, స్టీలు బేసిను కూడా పనికొస్తాయి.

రాగి బిందె, ఇత్తడి గంగాళం మాత్రం దగ్గరకు రానివ్వకండి. మనకు రాగి చెంబులో నీళ్ళు ఆరోగ్యమని పేరు. అదే రాగి నీళ్ళలోకి ఏ మాత్రం దిగినా తోకకప్పకు విషం. జింకు పూత పూసిన ఇనుప బకెట్టు కూడా వద్దు. కొత్తగా కట్టిన సిమెంటు తొట్టిలో సున్నపు గుణం నీళ్ళలోకి ఊరుతూనే ఉంటుంది కాబట్టి కొన్ని నెలలు నీళ్ళు నింపి పారబోసిన పాత తొట్టి అయితేనే వాడాలి.

పాత్రను సబ్బుతో, గిన్నెలు తోమే పొడితో కడగకండి. ఉత్త నీళ్ళతో రుద్ది, ఎండలో ఆరబెట్టడం చాలు. అడుగున పొలుసు కట్టని నున్నటి రాళ్ళు రెండు మూడు, గుంటలోంచే తెచ్చిన గుప్పెడు నీటి మొక్కలు వేయండి. ఎండిన బాదం ఆకు ఒకటి వేస్తే నీళ్ళు తేనె రంగుకు తిరుగుతాయి. దాని కింద పిల్లలు దాక్కుంటాయి, ఆకు మీద పెరిగే పొరను గీరి తింటాయి. వేప మంచిదని వేపాకు మాత్రం వేయకండి. పురుగులను చంపే గుణం ఉన్న ఆకు అది. టబ్బు వేపచెట్టు నీడలో ఉంటే పైన దోమతెర కప్పండి.

పెట్టే చోటు తూర్పు వరండా అయితే శ్రేష్ఠం. పొద్దున గంటసేపు లేత ఎండ తగలాలి, తరువాత నీడ. మన దగ్గర వాన ముఖం చాటేసిన జూలైలో కూడా మధ్యాహ్నపు ఎండకు జానెడు నీళ్ళు స్నానపు నీళ్ళంత వేడెక్కుతాయి. 25 నుంచి 30 డిగ్రీలు వాటికి హాయిగా ఉంటుంది. 35 దాటితే ప్రమాదం. వేడెక్కే కొద్దీ నీళ్ళలో నిలిచే ప్రాణవాయువు తగ్గుతుంది, ఒంటికి కావలసింది పెరుగుతుంది. వేడెక్కిందని మంచు గడ్డలు పడేయకండి, టబ్బు చుట్టూ తడి గోనెసంచి కప్పండి.

నీళ్ళు

ఇక అసలు విషయానికి వద్దాం. నల్లగొండ మనిషికి నీళ్ళ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వంగిపోయిన కాళ్ళను, బిగుసుకుపోయిన నడుములను చూస్తూ పెరిగిన ఊళ్ళు మనవి. నీళ్ళలో కంటికి కనిపించనిది ఎముకలోకి ఎలా దిగుతుందో మనకు తెలుసు. నాలుగు కాళ్ళు కొత్తగా మొలకెత్తుతున్న ప్రాణిని బోరు నీళ్ళలో పెంచడానికి నాకు మనసొప్పదు. అదీగాక బోరు నీళ్ళు అప్పుడే తోడినప్పుడు వాటిలో ప్రాణవాయువు చాలా తక్కువగా ఉండవచ్చు.

ఫ్లోరైడ్ తీసేయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన పద్ధతికి మన ఊరి పేరే ఉంది, నల్లగొండ పద్ధతి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్ళను తేరుస్తారు. మనుషులకు అది మేలు చేసింది. తోకకప్పలకు ఆ మూడూ పడవు. నీళ్ళు మబ్బుగా ఉన్నాయని ఇంట్లో పటిక తిప్పే అలవాటు ఉంటే ఈ టబ్బు జోలికి వెళ్ళకండి.

మిషన్ భగీరథ కుళాయి నీళ్ళు వాడవచ్చు, కానీ వాటిలో క్లోరిన్ ఉంటుంది. క్లోరిన్ మొప్పలను కాల్చేస్తుంది. వెడల్పాటి బేసినులో పట్టి ఆరుబయట కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు వదిలేయండి. మధ్యలో రెండు మూడుసార్లు మగ్గుతో ఎత్తి పోయండి. ట్యాంకులో అప్పుడే బ్లీచింగ్ కలిపిన వాసన ఉంటే ఆ రోజు నీళ్ళు అసలు పట్టకండి. ఆర్‌ఓ ప్లాంటు నీళ్ళు శుభ్రమైనవే గానీ వాటిలో లవణాలు దాదాపు మిగలవు. ఒంట్లోని లవణాలు నీళ్ళలోకి జారిపోయి పిల్ల నీరసిస్తుంది. తప్పనిసరైతే సగానికి సగం గుంట నీళ్ళు కలపండి.

అన్నిటికంటే మంచివి వాన నీళ్ళు. మొదటి పావుగంట వాన కప్పు మీది దుమ్మును కడుక్కుపోనిచ్చి, ఆ తరువాత పట్టండి. పత్తి చేను పక్క ఇల్లయితే, ఆ వారంలో మందు కొట్టి ఉంటే, ఆ కప్పు నీళ్ళు వద్దు.

మొదటి రోజు టబ్బులో సగం గుంట నీళ్ళే ఉండాలి. తరువాత రెండు రోజులకొకసారి మూడో వంతు తీసి, కొత్తవి పోయండి. నీళ్ళన్నీ ఒకేసారి మార్చడం నేను మొదట చేసిన పెద్ద తప్పు. రాళ్ళకూ గోడకూ అంటుకుని ఉండే జిగురు పొరలోని సూక్ష్మజీవులే ఆ తొట్టిని శుభ్రంగా ఉంచుతాయి. తోకకప్ప విసర్జించేది అమ్మోనియా. ఆ సూక్ష్మజీవులు దాన్ని తక్కువ హానికరమైన రూపానికి మారుస్తాయి. మనం తళతళలాడేలా తోమేస్తే అవి పోతాయి, అమ్మోనియా మిగులుతుంది. వేడి పెరిగే కొద్దీ, నీళ్ళలో క్షారం పెరిగే కొద్దీ అదే అమ్మోనియా మరింత విషమవుతుంది.

తీసేటప్పుడు సన్న ప్లాస్టిక్ గొట్టంతో అడుగున చేరిన మలాన్ని, మిగిలిన మేతను పీల్చండి. గొట్టం చివర పాత చీర గుడ్డ కట్టండి, పిల్లలు లోపలికి పోకుండా ఉంటాయి. కొత్త నీళ్ళు కూడా టబ్బు పక్కనే ముందు రోజు నుంచి ఉంచితే రెండింటి చల్లదనం ఒక్కటవుతుంది. గ్లాసుతో గోడవారగా మెల్లగా పోయండి. చేయి ముంచే ముందు సబ్బు, దోమల క్రీము, కొబ్బరినూనె ఏవీ చేతికి లేకుండా చూసుకోండి. గదిలో దోమల చుట్ట వెలిగించకండి. పని అయ్యాక మాత్రం సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. కప్పల ఒంటి మీద మనకు విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులు ఉండవచ్చు. మన ఇంటి పిల్లలను ఈ విషయంలో వదిలిపెట్టకండి.

మేత

తెచ్చిన రోజు ఏమీ పెట్టకండి. గోండ్రుకప్ప, చెట్టుకప్ప పిల్లలు రాతి మీది నాచును గీరి బతుకుతాయి. గుంటలోని నాచు పట్టిన రాయి ఒకటి వేస్తే రెండు మూడు రోజులు మేత అడగవు. తరువాత సొరకాయ, బీరకాయ, కీర దోసకాయ ముక్కలు మెత్తగా ఉడికించి, చల్లార్చి వేయండి. పాలకూర పెట్టమని చాలామంది చెబుతారు. అప్పుడప్పుడూ ఫరవాలేదు గానీ రోజూ వద్దు. అందులోని ఆక్సాలేట్ అనే పదార్థం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఎముకలు పోసుకునే వయసులో అది నష్టం. వారానికి రెండుసార్లు చేపల మేతను పొడి చేసి చిటికెడు చల్లండి. గాజులాంటి చిన్నమూతి కప్పల పిల్లలకు స్పిరులినా అనే నాచు పొడిని నీళ్ళలో కలిపి, లేత ఆకుపచ్చ రంగు తేలేంత మాత్రమే పోయండి. బావురుకప్ప పిల్లకు దోమ లార్వాలు రోజుకు పదిహేను ఇరవై కావాలి. వానాకాలంలో అవి ఎక్కడ దొరుకుతాయో చెప్పనక్కరలేదు.

పది పిల్లలకు బొటనవేలి గోరంత ముక్క చాలు. సాయంత్రం వేసింది పొద్దుటికి మిగిలితే తీసేసి, మరుసటి రోజు తగ్గించండి. ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన నేను బలమని పెట్టాను. రాత్రికి నీళ్ళు పాలలా మారాయి, తెల్లవారేసరికి తొమ్మిది పిల్లలు వెల్లకిలా తేలుతున్నాయి. అన్నం మెతుకులు, బిస్కెట్టు, రొట్టె కూడా ఇంతే పని చేస్తాయి. ఆకలి వల్ల కంటే మిగిలిపోయిన మేత వల్ల ఎక్కువ పిల్లలు చనిపోతాయి.

కడుపు నిండుతోందా అని తెలుసుకోవడం తేలిక. అడుగున నల్లటి, ఆకుపచ్చటి దారాల్లా మలం కనిపిస్తే జీర్ణం బాగుంది. గాజు గ్లాసులోకి తీసుకుని కింద నుంచి చూస్తే పొట్టలో చుట్టలు చుట్టిన పేగు నల్లగా నిండి కనిపించాలి. ఖాళీగా, పాలిపోయి ఉంటే అది తినడం లేదు.

జబ్బు ఆనవాళ్ళు

రోజూ ఒకే వేళకు, మేత వేయకముందు, ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. నేను పొద్దున ఆరున్నరకు చూస్తాను. మామూలు ఎలా ఉంటుందో కంటికి అలవాటైతేనే తేడా దొరుకుతుంది.

ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఎన్నిటికి వచ్చింది? అన్నీ ఒకే పూట డీలా పడితే నీళ్ళలో దోషం ఉంది, క్లోరిన్, అమ్మోనియా, వేడి, లేదా ఏదో మందు. వెంటనే, ముందే నిల్వ ఉంచిన వాన నీళ్ళలోకి మార్చండి. రోజుకు ఒకటి రెండు చొప్పున వరుసగా పడిపోతుంటే అంటు. ఒక్కటే బాగా లేకపోతే దాని సమస్య దానిది. ఏదైనా సరే, బాగా లేనిదాన్ని వేరే చిన్న పాత్రలో, నాలుగు వేళ్ళ లోతు నీళ్ళలో, నీడలో పెట్టి ఒక రోజు మేత ఆపండి. చిన్న చిన్న నలతలు చాలావరకు ఇంతటితోనే సర్దుకుంటాయి.

పైకి వచ్చి గాలి మింగడం: కాస్త పెరిగిన పిల్లలు అప్పుడప్పుడూ పైకి వచ్చి ఒక బుడగ మింగి కిందికి పోతే అది సహజం, ఊపిరితిత్తులు తయారవుతున్నాయి. గోండ్రుకప్ప పిల్లల సంగతి వేరు. కప్పగా మారే దాకా వాటికి ఊపిరితిత్తులు ఏర్పడవు. కాబట్టి ఆ నల్ల పిల్లలు మూకుమ్మడిగా పైకి చేరి నోళ్ళు తెరుస్తుంటే నీళ్ళలో ఊపిరాడటం లేదని అర్థం. సగం నీళ్ళు మార్చండి, మేత తీసేయండి, మగ్గుతో ఎత్తి పోస్తూ గాలి కలపండి.

ఉబ్బు: పొట్ట బుడగలా ఉబ్బి, కిందికి దిగాలని ఎంత ఈదినా పైకే తేలిపోవడం. మేత ఎక్కువై లోపల గాలి చేరితే ఒకటి రెండు రోజుల పస్తుతో తగ్గుతుంది. ఒళ్ళంతా నీరు పట్టినట్టు పారదర్శకంగా ఉబ్బి, తోక మొదలు దాకా వాచితే అది లోపలి అంటువ్యాధో మూత్రపిండాల దెబ్బో కావచ్చు. ఇది కోలుకోవడం అరుదు. వేరుగా ఉంచడం తప్ప ఇంట్లో చేయగలిగింది లేదు.

దూది పట్టడం: తోక మీదో, గాయం దగ్గరో తెల్లటి దూది పింజలా కనిపిస్తే నీటి బూజు. ఇది ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద సాధారణంగా పట్టదు. ఎక్కడో గాయమై ఉంటుంది, లేదా చచ్చిన పిల్లను తొట్టిలోంచి తీయలేదు. చచ్చినదాన్ని గంటలో తీసేయండి. పసుపు, ఉప్పు, పొటాషియం పర్మాంగనేట్, అక్వేరియం దుకాణంలో అమ్మే ఆకుపచ్చ మందు ఏదీ వేయకండి. చేపకు సరిపడే మోతాదు ఈ పలుచటి చర్మాన్ని దాటి నేరుగా ఒంట్లోకి పోతుంది.

ఎరుపు: పొట్ట కింద, తొడల మొదట్లో గులాబీ రంగు మచ్చలు, రక్తం చిమ్మినట్టు చుక్కలు. బాక్టీరియా రక్తంలో చేరిన గుర్తు ఇది. కిక్కిరిసిన, మురికి నీళ్ళలో త్వరగా పాకుతుంది. ఒకేసారి చాలా వాటికి ఇలా వచ్చి, రోజుల్లోనే తొట్టి ఖాళీ అవుతుంటే వైరస్ కావడానికీ అవకాశం ఉంది. అప్పుడు మిగిలిన వాటిని దేన్నీ బయట వదలకండి.

నోరు: దీన్ని ఎవరూ చూడరు, చూడాలి. భూతద్దంతో చూస్తే తోకకప్ప నోట్లో దువ్వెన పళ్ళలాంటి నల్ల వరసలు, చిన్న నల్ల దవడ కనిపిస్తాయి. అవి మన గోళ్ళలా కెరటిన్‌తో తయారైనవి. ప్రపంచమంతటా కప్పలను తుడిచిపెడుతున్న కైట్రిడ్ శిలీంధ్రం కెరటిన్‌నే ఆశ్రయిస్తుంది. 1999లో దానికి శాస్త్రీయనామం పెట్టారు, పడమటి కనుమల కప్పల్లోనూ కనిపించింది. తోకకప్పల్లో అది నోటి దగ్గరే ఉంటుంది. ఆ నలుపు మచ్చలు మచ్చలుగా పోయి నోరు పాలిపోతే అనుమానించాలి. వేరే కారణాలకూ నలుపు పోవచ్చు, కాబట్టి పరీక్ష లేకుండా ముద్ర వేయకండి. గాజు పిల్లలకు మాత్రం పుట్టుకతోనే ఈ పళ్ళు ఉండవు, వాటిని చూసి భయపడకండి.

తోక: అంచులు చిరిగి ఉంటే ఎవరో కొరికారు. కొరికినదాన్ని వెతికి తీసేయండి, తోక మళ్ళీ పెరుగుతుంది. తోక ఒక పక్కకు వంగి, ఈదితే గుండ్రంగా తిరుగుతుంటే మేతలో లోపమో, చిన్నప్పుడు తగిలిన వేడో, పురుగుమందో కారణం కావచ్చు. వంకర మళ్ళీ తిన్నగా కావడం నేను చూడలేదు.

పుల్ల చేతులు: వెనక కాళ్ళు బాగానే వచ్చి, ముందు చేతులు అగ్గిపుల్లల్లా సన్నగా, మోచేయి మడవలేనట్టు రావడం. ఈ పిల్ల గట్టు మీద నిలబడలేదు. సొరకాయ ఒక్కటే పెట్టిన సంవత్సరం నాకు రెండు ఇలా వచ్చాయి. చేపల మేత, నాచు కలిపి పెట్టాక మళ్ళీ కనిపించలేదు.

ఎదుగుదల ఆగిపోవడం: మన వేడికి గోండ్రుకప్ప పిల్లలు నాలుగు నుంచి ఆరు వారాల్లో కాళ్ళు తెచ్చుకుంటాయి. ఒకే గుడ్ల దారంలోంచి వచ్చిన వాటిలోనూ వెనకబడినవి ఉంటాయి. కిక్కిరిస్తే చిన్నవి మరీ చిన్నవిగా ఉండిపోతాయి. వాటిని వేరే టబ్బులోకి మార్చితే వారంలోనే తేడా తెలుస్తుంది.

కప్పలను చూసే వైద్యులు మన జిల్లాల్లో దొరకడం కష్టం. అంటు అనుమానం ఉంటే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలను సంప్రదించవచ్చు. పిల్లను దాని నీళ్ళతోనే, సగం గాలి ఉండేలా కట్టిన సంచిలో తీసుకువెళ్ళండి.

చేతులు బయటపడే రోజు

వెనక కాళ్ళు ముందు వస్తాయి, కంటికి కనిపిస్తూ రోజురోజుకూ పెరుగుతాయి. ముందు చేతులు అలా కాదు, చర్మం లోపలే పూర్తిగా తయారవుతాయి. బయటపడే ముందు రోజు చూస్తే మెడ పక్కన చర్మం మోచేతి ఆకారంలో పొడుచుకుని ఉంటుంది. చొక్కా లోపల చేయి మడిచి పెట్టుకున్న పిల్లాడిలా. ఒక పొద్దున టార్చి వేసి చూస్తుండగా ఆ ఉబ్బు రెండుసార్లు కదిలింది. ఎడమ పక్క, నీళ్ళు బయటికి పోయే రంధ్రంలోంచి నాలుగు వేళ్ళు విప్పుకుని చేయి బయటికి వచ్చింది. వెంట్రుక మందం వేళ్ళు. వచ్చీరాగానే బాదం ఆకు అంచు పట్టుకుంది. కుడి చేయి మధ్యాహ్నానికి వచ్చింది.

ఆ క్షణం నుంచి మేత ఆపేయాలి. నోరు చీలి వెడల్పవుతోంది, పొడుగు పేగు కుదించుకుపోతోంది, ఆ నాలుగైదు రోజులు దాని తోకే దానికి అన్నం. తోక కరిగి ఒంట్లో కలుస్తుంది. సన్నబడిందని, తినడం లేదని కంగారు పడకండి.

కానీ ఇప్పుడే ఎక్కువ పిల్లలు మునిగి చనిపోతాయి. మొప్పలు మూసుకుపోతాయి, ఊపిరితిత్తులు పని మొదలుపెడతాయి, గట్టు దొరకకపోతే కప్ప అయిన మరుక్షణమే నీళ్ళలో ఉక్కిరిబిక్కిరవుతుంది. చేయి కనిపించిన ప్రతి పిల్లనూ ఏటవాలుగా పెట్టిన ఇంకో టబ్బులోకి మార్చండి. ఒక పక్క రెండు వేళ్ళ లోతు నీళ్ళు, ఇంకో పక్క తడి మట్టి, నాచు, పెంకు ముక్క. రాతి అంచు నీళ్ళలోకి మెల్లగా దిగాలి, నిట్టనిలువుగా ఉండకూడదు. పైన గట్టిగా దోమతెర కట్టండి, వేలి గోరంత కప్పలు నున్నటి గోడ కూడా ఎక్కేస్తాయి. ఆ రాత్రి తెర సరిగ్గా కట్టకపోతే పొద్దున అవన్నీ పోగు చేయడం అసలైన కప్పల తక్కెడ. చీమలు రాకుండా టబ్బు కింద నీళ్ళ పళ్ళెం పెట్టండి.

వదలడం

తోక మినపగింజంత మిగిలినప్పుడే వదిలేయండి, మేపుదామని ఉంచుకోకండి. కొత్త గోండ్రుకప్ప తినేది కంటికి ఆనని చిన్న చిన్న పురుగులు, చిట్టి చీమలు. అవి రోజుకు సరిపడా మనం తేలేం.

ఏ గుంటలోంచి తెచ్చారో అక్కడే వదలాలి. కాగితం మీద రాసుకున్నది ఇందుకే. పానగల్లులోని ఉదయసముద్రం చెరువు పెద్దది, నీళ్ళు నిండుగా ఉంటాయి కదా అని అక్కడికి తీసుకుపోయి వదిలేయడం తప్పు. ఒక గుంట జబ్బును ఇంకో చెరువుకు మోసుకుపోయినట్టే. టబ్బు నీళ్ళను కూడా కాలువలో పోయకుండా ఎండ తగిలే పొడి నేల మీద పారబోయండి. గొట్టం, గ్లాసు, తెర ఎండలో పెళపెళలాడేలా ఎండనివ్వండి. కైట్రిడ్ ఎండిపోతే బతకదు. ఆ విడతలో వరుస చావులు చూసి ఉంటే మిగిలినవి బాగున్నట్టు కనిపించినా, సలహా తీసుకోకుండా వదలకండి.

సాయంత్రం, వీలైతే జల్లు పడి నేల తడిగా ఉన్న రోజు వెళ్ళండి. నీళ్ళ మధ్యలో కాదు, ఒడ్డున గడ్డి మొదళ్ళ దగ్గర, రాలిన ఆకుల కింద టబ్బును పక్కకు వంచి పెట్టి కాస్త దూరం జరగండి. ఆ మొరం గుంట దగ్గర మేం పోయిన ఏడాది పదిహేడు వదిలాం. మొదటిది బయటికి రావడానికి పావుగంట పట్టింది. గడ్డిపోచ ఎక్కింది, జారింది, మళ్ళీ ఎక్కింది. మిగతావి ఒకదాని వెనక ఒకటి దిగాయి. చీకటి పడ్డాక ఫోను వెలుగులో టబ్బు అడుగు చూశాను, తడి మట్టి మీద సన్నటి పాదాల గీతలు తప్ప ఏమీ లేవు.